ఆయిల్ ఎక్కేదాకా

మా ఆయన మొదటిసారి మా ఇంటికి పెళ్లిచూపులకి వచ్చినప్పుడు నా మొహం చూడలేదు. వాకిట్లో మా నాన్న స్కూటరు ఆపుతుంటే ఆ చప్పుడు విని, "ఇంజిన్లో టాపెట్లు వదులయ్యాయి, ఇలాగే వదిలేస్తే ముందు ముందు కష్టం" అన్నాడు. వంటింట్లోంచి ఆ చివరి ముక్క ఒక్కటే విన్న మా అమ్మ అది నా గురించేమో అనుకుని హడలిపోయింది. "పిల్ల నెమ్మదస్తురాలేనండీ" అని లోపల్నుంచే జవాబిచ్చింది. ఆ అబద్ధం మీదే మా కాపురం నిలబడింది.

పాడైన కారు ఇంజిన్లు విప్పి, బాగుచేసి, మళ్లీ కట్టడం ఆయన పని. మనుషుల మధ్య కూర్చోబెడితే నోట్లో నాలుక లేనట్టుంటాడు. ఇంజిన్ ముందు కూర్చుంటే మాత్రం గంటలకొద్దీ గొణుగుతూనే ఉంటాడు. పెళ్లయిన కొత్తలో ఆ గొణుగుడు నాకూ కాస్త దక్కుతుందేమోనని షెడ్డుకి వెళ్లడం మొదలుపెట్టాను. దక్కలేదు. ఊరికే కూర్చోవడం చేతకాక, కిరసనాయిలు తొట్టి ముందేసుకుని విప్పిన ముక్కలు కడగడం మొదలుపెట్టాను. అప్పట్నుంచీ ఆ షెడ్డులో ప్రతి ముక్కా నా చేతిమీదుగా వెళ్లాల్సిందే. కడిగి, తుడిచి, పాత దుప్పటి మీద వరసగా పేరుస్తాను. వరస తప్పితే ఆయన తిట్టడు, నిట్టూరుస్తాడు. తిట్టినా బాగుండుననిపిస్తుంది నాకు.

కొత్తగా కట్టిన ఇంజిన్‌ని ఆయన వెంటనే స్టార్ట్ చెయ్యడు. ఆయిల్ పోసినంత మాత్రాన అది అన్ని చోట్లకీ చేరదు, కింద తొట్టిలో పడి ఉంటుంది. పైనున్న ముక్కలన్నీ పొడిగానే ఉంటాయి. ఆ పొడి మీద ఇంజిన్ ఆడిందంటే ఒకదాన్నొకటి కొరుక్కుతింటాయి. అందుకని ముందు ప్లగ్గులన్నీ విప్పేస్తాడు, నిప్పు పుట్టకుండా కరెంటు తీగ పీకేస్తాడు. ఇంజిన్ ముందున్న పెద్ద నట్టుకి పొడవాటి పిడి తగిలించి చేత్తో తిప్పుతాడు. తిప్పేకొద్దీ లోపలి పంపు ఆయిల్‌ని కొంచెం కొంచెంగా పైకెక్కిస్తుంది. ఒకరు పై మూత తీసిన చోట టార్చి పట్టుకుని, ఆయిల్ ఊరిందా అని చూడాలి. ఇంకొకరు డ్రైవరు సీట్లో కూర్చుని ఆయిల్ మీటరు ముల్లు కదిలిందా అని చూడాలి. అంతసేపూ ఎవరూ పెదవి విప్పకూడదు. "గొంతు తడపకుండా ఎవర్నీ మాట్లాడించకూడదు" అంటాడాయన. ఇంజిన్ గొంతు తడిసేదాకా మా గొంతులు ఎండాల్సిందే.

ఆ పని నాకెప్పుడూ నచ్చలేదు. ఆయన పిడి లాగినప్పుడల్లా ప్లగ్గులు తీసిన రంధ్రాల్లోంచి గాలి బయటికొస్తుంది. హా... అని. కాసేపాగి మళ్లీ హా... అని. ఇనుమే అని తెలుసు, కడిగింది నేనే. అయినా కళ్లు మూసుకుంటే షెడ్డులో ఎవరో పెద్దాయన్ని పడుకోబెట్టి మేమంతా చుట్టూ నిలబడ్డామనిపిస్తుంది. మా ఆయనకి చెబితే, "ఊపిరాడితే మంచిదేగా" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

మా బావగారు, అంటే మా ఆయనకి అన్నయ్య, అద్దె కారు నడిపేవారు. తమ్ముడి దగ్గర లేని మాటలన్నీ ఆయన దగ్గరే ఉండేవి. దారిన పోయే మనిషిని కూడా కారాపి పలకరించే రకం. పాత కారు, పాత బ్యాటరీ. దాన్ని నమ్మలేక ఎక్కడ ఆగినా ఇంజిన్ ఆపేవారు కాదు. ఒకరోజు పొద్దున్నే బేరం కోసం ఒక వీధి చివర కారు నిలిపి, సీట్లో కూర్చుని ఉండగానే పోయారు. గుండె ఆగిపోయిందనీ, ఒక్క క్షణంలో అయిపోయిందనీ డాక్టరు చెప్పాడు.

అది అంతటితో ఆగితే ఏడ్చి ఊరుకునేవాళ్లం. చూడ్డానికొచ్చిన వాళ్లలో ఆ వీధి చివర ఇస్త్రీ చేసే అబ్బాయి ఉన్నాడు. వాడు మా తోటికోడలి ముందు కూర్చుని, పాపం మంచి మనసుతోనే చెప్పాడు. "ముందు నిద్రపోతున్నట్టే ఉన్నారండీ, తల అద్దానికి ఆనించి. తర్వాతెప్పుడో కారు అరవడం మొదలుపెట్టిందండీ. అదేపనిగా రేజ్ చేస్తున్నారు. డ్రైవరుకి ఎవరిమీదో కోపమొచ్చినట్టుందనుకున్నాం. అలా అరిచి అరిచి, ఒక్కసారి గట్టిగా కొట్టుకుని ఆగిపోయిందండీ. అప్పుడొచ్చి చూశాం."

నిద్రపోతున్న మనిషి రేజ్ ఎలా చేస్తాడు? వాడు వరస తప్పి చెబుతున్నాడనుకున్నాం అందరం. కానీ మా తోటికోడలు, నేను అక్కా అని పిలుస్తాను, ఆ మాటని అక్కడే పట్టుకుంది. ఆయన అప్పుడే పోలేదు. నోరు పడిపోయింది, చేతులు పడిపోయాయి, కాలు ఒక్కటే మిగిలింది. ఆ కాలితో పెడల్ తొక్కి పిలిచాడు. ఇంజిన్ చచ్చేదాకా పిలిచాడు. అందరూ విన్నారు, ఎవరూ రాలేదు. అక్క బుర్రలో ఇది మేకులా దిగిపోయింది.

అక్క ఇంట్లో బట్టలు కుడుతుంది. ఆ తర్వాత వీధిలో ఏ బండి రేజ్ అయినా మిషన్ ఆపేసేది. గుడ్డ సూది కిందే వదిలేసి గుమ్మంలోకి వెళ్లి నిలబడేది. "వస్తున్నానండీ" అనడం నేను నా చెవులతో విన్నాను. ఎవరితో అన్నావక్కా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నాకు ధైర్యం చాలని చోట్లు తక్కువే.

కారుని తాడు కట్టించి షెడ్డుకి లాగించుకొచ్చింది కూడా ఆమే. మా ఆయన్ని చిన్నప్పట్నుంచీ ఇంట్లో పిలిచే పేరుతోనే పిలుస్తుంది.

"చిన్నబ్బాయీ, దీన్ని బాగుచెయ్యి. వేరే ఇంజిన్ వద్దు, ఇదే కావాలి."

"సరే వదినా."

"విప్పితే నీకు తెలుస్తుందిగా, ఆయన తొక్కాడో లేదో?"

"తెలియొచ్చు వదినా."

"ఇప్పుడే చెప్పకు. అది మళ్లీ ఆడే రోజున వస్తాను. ఆ రోజు అడుగుతాను."

ఆ కారు షెడ్డులో ఉన్నన్నాళ్లూ నాకు అన్నం సయించలేదు. డ్రైవరు సీటు మధ్యలో గుంట అలాగే ఉంది. మనిషి లేచి టీకి వెళ్లినట్టు ఉంది తప్ప వెళ్లిపోయినట్టు లేదు. నేను ముక్కలు కడుగుతూ తలెత్తితే ఎదురుగా అదే. తొట్టిని అటు తిప్పుకుని కూర్చుంటే వీపు మీద ఏదో పాకినట్టుండేది. మళ్లీ ఇటు తిరిగేదాన్ని. రేకుల కప్పు ఎండకి టక్కుమన్నా, పిల్లి సీసా దొర్లించినా ముందు ఆ సీటు వైపే చూసేదాన్ని. నన్ను పిరికిదానివని వెక్కిరించాల్సిన మా ఆయన వెక్కిరించలేదు. ఒకరోజు వచ్చి చూసేసరికి పనిబల్లని గోడ వారకి జరిపేసుకున్నాడు, కారు వైపు వీపు పెట్టకుండా. వెలుతురు కోసమన్నాడు. వెలుతురు అటు లేదు.

ఇంజిన్ విప్పాక బేరింగులు నా తొట్టిలోకి వచ్చాయి. అద్దంలా మెరవాల్సినవి నీలంగా కమిలి, అంచులు కరిగి ఉన్నాయి. ఎంత తోమినా మాడు వాసన పోలేదు.

"ఏమైందండీ వీటికి?" అన్నాను.

"ఊరికే ఆడుతున్న ఇంజిన్ ఇలా మాడదు. చచ్చేదాకా ఎవరో తొక్కిపట్టారు."

"ఎవరో ఏంటండీ? కార్లో ఉన్నది బావగారొక్కరే కదా."

ఆయన నా చేతిలోంచి ఒక బేరింగు తీసుకుని వెలుతురుకి పట్టాడు.

"అక్కతో మాత్రం ఈ మాట అనకండి. మీకు దణ్ణం పెడతాను."

"అడిగితే?"

"అడిగితే లేదని చెప్పండి! ఆ రెండక్షరాలకి నోరు తిరగదా?"

"మనుషుల గురించైతే ఏదో ఒకటి చెబుతాను. ఇంజిన్ గురించి అబద్ధం చెప్పలేనే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వదిన ప్రాణం కంటే మీకు ఇనుము మీద మాటే ఎక్కువా అని నానా మాటలూ అన్నాను. విన్నాడు. అన్నీ విని ఆ బేరింగుని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. ఆ రోజు నుంచి ఆయన పని నత్తనడక నడిచింది. బిగించిన నట్టు విప్పి మళ్లీ బిగించేవాడు. కడిగిన ముక్క మళ్లీ కడగమనేవాడు. పని అయిపోతే చెప్పాలి కదా. నేనూ ఏమీ అనలేదు. ఆ ఒక్కసారికి ఇద్దరం ఒక మాట మీదే ఉన్నాం.

ఎంత సాగదీసినా ఇంజిన్ అన్నది ఏదో ఒకరోజు పూర్తవుతుంది. కారులోకి దించి బిగించాడు. కబురంపకపోయినా అక్క వచ్చేసింది. మధ్యాహ్నం, ఎండ ఫెళ్లున కాస్తోంది. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, ఆసుపత్రిలో ఎవరినో చూడ్డానికి వచ్చినట్టు వచ్చింది.

"ఇవాళ ఆయిల్ ఎక్కించడమే వదినా" అన్నాడు మా ఆయన.

"అయితే నేను ముల్లు చూస్తాను" అని మా జవాబు కోసం ఆగకుండా వెళ్లి ఆ సీట్లో కూర్చుంది. ఆ గుంటలో. కాళ్లు పైకి ముడుచుకుని, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని కూర్చుంది, కింద ఎవరికో చోటు వదిలినట్టు.

నేను టార్చి పట్టుకుని మూత తీసిన ఇంజిన్ మీదికి వంగాను. ఆయన పిడి తగిలించి రెండు చేతులా లాగాడు. కొత్త ముక్కలు కదా, బిగువుగా తిరుగుతున్నాయి. హా... అంది. మళ్లీ లాగాడు. హా... ముగ్గురం మాట్లాడటం లేదు. చెమట ఆయన ముక్కు మీంచి బొట్టు బొట్టుగా పడుతోంది. టార్చి వెలుగులో ముక్కలన్నీ పొడిగానే ఉన్నాయి. మళ్లీ లాగాడు.

"చిన్నబ్బాయీ" అంది అక్క. మామూలు గొంతే. పాలవాడొచ్చాడు అని చెప్పే గొంతు. "మీ అన్న కాలు పెట్టాడు."

మా ఆయన చేతులు పిడి మీద అలాగే ఉండిపోయాయి. నేను కారు తలుపు దగ్గరికి వెళ్లాను. అక్క కాళ్లు రెండూ సీటు మీదే ఉన్నాయి. కింద ఆక్సిలరేటర్ పెడల్ నేలకంటా అణిగి ఉంది. దాని మీద ఏమీ లేదు. బావగారి చెప్పు రాసుకుని రాసుకుని అరిగిన రబ్బరు, దాని మీద దుమ్ము. అంతే.

నా వెనక ఆయన పిడి వదిలిన చప్పుడైంది. పెడల్ నెమ్మదిగా పైకి లేచింది. తొక్కిన మనిషి కాలు తీసేటప్పుడు ఎలా లేస్తుందో సరిగ్గా అలాగే.

"ఇంకోసారి లాగు" అంది అక్క.

"వద్దండీ" అన్నాను. నా మాట నాకే వినిపించలేదు.

ఆయన లాగాడు. పెడల్ దిగింది. వదిలాడు. లేచింది. చెప్పడానికి సిగ్గెందుకు, నేను షెడ్డు బయటికి వచ్చేశాను. ఎండలో నిలబడితే పళ్లు టకటకా కొట్టుకున్నాయి. లోపల్నుంచి అక్క మాటలు వినిపిస్తున్నాయి.

"ఇంకా పిలుస్తున్నారు చూడు. నేనొచ్చానని చెప్పు. ఏం కావాలో అడుగు చిన్నబ్బాయీ, ఇంజిన్లతో మాట్లాడతావుగా, నువ్వే అడుగు."

ఆ మాటతో నాకు భయం పోయి ఏడుపు వచ్చింది. మళ్లీ లోపలికి వెళ్లాను. మా ఆయన మొహం పాలిపోయి ఉంది. కానీ ఆయన చూపు పెడల్ మీద లేదు. నా వైపు చూసి, "పిడి నువ్వు పట్టుకో, లాగి ఆపు" అన్నాడు. నా బరువంతా వేసి లాగాను. ఆయన వంగి, ఇంజిన్‌నీ దాని పక్కన చట్రాన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత గోనెసంచి పరుచుకుని కారు కిందికి దూరాడు. చాలాసేపు కాళ్లు ఒక్కటే కనిపించాయి. లోపల్నుంచి గొణుగుడు వినిపించింది. ఆ గొణుగుడు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

బయటికొచ్చి, చేతులు కూడా తుడుచుకోకుండా అక్క తలుపు దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"వదినా, తొక్కింది అన్న కాదు."

అక్క ఆయన వైపు చూసింది.

"ఇంజిన్ కింద దాన్ని మోసే రబ్బరు దిమ్మలుంటాయి. ఒకటి అడ్డంగా తెగిపోయింది. కదలకుండా ఉన్నంతసేపూ బరువుకి రెండు ముక్కలూ అతుక్కునే ఉంటాయి, మంచిదిలాగే కనబడుతుంది. ఇంజిన్ బయటికి తీసినప్పుడు నేను పై నట్టు విప్పానే గాని దాన్ని కదపలేదు. దీపం కింద చీకటి. ఇప్పుడు పిడి లాగుతుంటే ఇంజిన్ ఒకపక్కకి లేస్తోంది. లేచి, ఇదిగో, పెడల్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే ఈ కడ్డీని ఎత్తుతోంది. ఇది లేస్తే అటు రేజ్ అవుతుంది, ఇటు పెడల్ దానంతటదే కిందికి పోతుంది. ఆడుతున్న అదురుకి ఒక్కసారి ముక్కలు విడితే చాలు, రేజ్ అయ్యేకొద్దీ ఇంజిన్ ఇంకా లేస్తుంది, లేచేకొద్దీ ఇంకా రేజ్ అవుతుంది. ఇక ఎవరూ తొక్కక్కర్లేదు."

నా తొట్టిలోకి రాని ముక్క అదొక్కటే. వచ్చి ఉంటే రెండు ముక్కలూ విడిగా నా చేతిలో పడేవి.

అక్క కాళ్లు మెల్లగా కిందికి దించింది. పెడల్‌కి తగలకుండా పక్కన పెట్టుకుంది.

"చేతులు ఆడక తాళం తిప్పి ఆపలేకపోయాడేమో" అంది.

అవునో కాదో చెప్పమన్నట్టు నేను మా ఆయన వైపు గుడ్లురిమాను. ఆయన తలొంచుకున్నాడు.

"అది నాకు తెలీదు వదినా. ఆ పెడల్ మీద ఉన్నది ఆయన కాలు కాదు. నాకు తెలిసింది అంతే."

"ఇస్త్రీ అబ్బాయి వరసగానే చెప్పాడన్నమాట" అంది అక్క, తనలో తను అనుకుంటున్నట్టు. "ముందు నిద్ర. తర్వాత మోత." పెడల్ వైపు చూసి, "అంటే ఆయన పిలవలేదు" అంది.

"పిలవలేదు వదినా."

ఆ మాట వింటే ఆమె గుండె మీది బండ దిగిపోతుందనుకున్నాను. అందుకేగా నేను ఆయనతో అంత పోట్లాడింది. అక్క మొహంలో ఏదో దిగింది నిజమే, దాంతోపాటు ఇంకేదో కూడా దిగిపోయింది.

"ఇన్నాళ్లూ పిలుస్తున్నాడనే ఉన్నాను. మిషన్ ఆపి వెళ్లేదాన్ని. భయమేసేది, అయినా వెళ్లేదాన్ని. దారిన పోయేవాళ్లందర్నీ పిలిచే మనిషి, నన్నొక్కమాట పిలవకుండానే వెళ్లిపోయాడన్నమాట."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. మా ఆయన లేచి, మూలనున్న డబ్బాలన్నీ వెతికి అలాంటి దిమ్మ ఒకటి తెచ్చి బిగించాడు. ఆ పని జరుగుతున్నంతసేపూ అక్క సీటు దిగలేదు.

మళ్లీ మొదలుపెట్టాం. ఆయన పిడి లాగాడు. హా... అంది ఇంజిన్. పెడల్ కదల్లేదు. లాగినప్పుడల్లా అక్క ముల్లు చూడకుండా కిందికే చూస్తోందని టార్చి పట్టుకున్న చోటి నుంచే తెలుస్తోంది నాకు. ఎంతకని లాగాడో. చివరికి ఒక ముక్క అంచున సన్నగా తడి మెరిసింది. పక్క దాని మీదా మెరిసింది. అన్నిటి మీదా ఆయిల్ ఊరి, నిండి, నెమ్మదిగా కిందికి జారింది. "వచ్చిందండీ" అన్నాను. ముల్లు లేచిందో లేదో అక్క చెప్పలేదు. ఆయనే వెళ్లి తొంగి చూసుకున్నాడు.

పిడి తీసి, పై మూత వేసి, ప్లగ్గులు బిగించి, కరెంటు తీగ తగిలించాడు. కొత్త ఇంజిన్‌ని మొదటిసారి స్టార్ట్ చేశాక నెమ్మదిగా ఆడనివ్వకూడదు. కాసేపు ఎవరో ఒకరు పెడల్ తొక్కిపట్టి రేజ్‌లోనే ఉంచాలి, అప్పుడే పైదాకా ఆయిల్ ధారగా కొడుతుంది. ఎప్పుడూ ఆయనే తొక్కుతాడు. ఇవాళ తలుపు దగ్గరికి వెళ్లి, దిగమని అడగబోయి ఆగిపోయాడు.

"వదినా, తాళం తిప్పండి. అందుకోగానే పెడల్ తొక్కి అలాగే పట్టుకోండి. నేను చెప్పేదాకా తియ్యొద్దు."

అక్క తాళం తిప్పింది. ఇంజిన్ ఒకసారి దగ్గి అందుకుంది. ఆమె కాలు పెడల్ మీద పెట్టి నొక్కింది. షెడ్డంతా మోత. రేకులు అదిరాయి, దుప్పటి మీద మిగిలిన నట్లు గలగలలాడాయి. నేను చెవులు మూసుకున్నాను. మా ఆయన ఇంజిన్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

అప్పుడు చూశాను. అద్దం వెనక అక్క నోరు తెరుచుకుని ఉంది. మెడ నరాలు ఉబ్బాయి. గొంతు చించుకుని పిలుస్తోంది. ఎవరిని పిలుస్తోందో తెలుసు, ఒక్క ముక్క కూడా వినబడలేదు. పిలిచి, ఆగి, తల కొంచెం పక్కకి వంచి చెవి ఒగ్గుతోంది. జవాబు రావడానికి పట్టేంతసేపు ఆగుతోంది. మళ్లీ పిలుస్తోంది. కాలు మాత్రం పెడల్ మీంచి తియ్యలేదు.

తొక్కాల్సినంతసేపు ఎప్పుడో అయిపోయింది. ఆయన ఆ సంగతి మర్చిపోయే మనిషి కాదు. ఇక కాలు తియ్యమని చెప్పండి అని సైగ చేశాను. ఆయన తల అడ్డంగా ఊపి, అక్కడే నిలబడ్డాడు.